తమ్ముడి నీలం చొక్కా

మా తమ్ముడు కొన్నాళ్లుగా ఇక్కడి మానసిక ఆసుపత్రిలో ఉన్నాడు. ఇకపై ప్రతి రోగినీ మనిషిగా చూస్తామనీ, వాళ్లకిష్టమైన సొంత బట్టలు తెమ్మనీ పోయిన వారం అక్కడివాళ్లు చెబితే నాకు కళ్లు చెమర్చాయి. గోల్ బజార్‌లో వాడికి నచ్చే నీలం చొక్కా కొనిచ్చాను. ఆసుపత్రి మారిపోయిందని కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

ఈ రోజు వెళ్లేసరికి పై అధికారులెవరో వచ్చి ఫోటోలు తీయించుకుంటున్నారు. తమ్ముడు నీలం చొక్కాలో ముందు వరసలో నవ్వుతున్నాడు. వాళ్ల జీపులు గేటు దాటాయో లేదో, నర్సు పాత ఆసుపత్రి బట్టల మూట తెచ్చింది. ఆమె మన రైల్వే క్వార్టర్ల అమ్మాయే.

“అదేంటమ్మా, అప్పుడే విప్పించేస్తున్నావు?” అన్నాను.

“ఏటి చేస్తామక్కా. ఫోటోలు అయిపోయాయి కదా, చొక్కాలన్నీ స్టోరులో పెట్టీమన్నారు.”

తమ్ముడు గొడవ చేయలేదు. చొక్కా తనే విప్పి, జాగ్రత్తగా మడతపెట్టి ఆమెకిచ్చాడు. నాకేసి తిరిగి, “ఆ పెద్దోలు మల్లీ ఎప్పుడొస్తారక్కా?” అన్నాడు.

అంత తొందరగా నమ్మడం నా తెలివితక్కువేమో. నా మాట నమ్మినవాళ్లకు, పొరపాటు పడ్డానని రేపు చెప్పుకుంటాను. వాడికేం చెప్పాలో మీకెవరికైనా తోస్తే రాయండి.