బొటనవేలి కింది మాట

సికింద్రాబాద్‌లో ఓ పాత ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసే ఆ పెద్దావిడను నేను ఒక్కసారే చూశాను. నిద్ర పట్టడం లేదని యాప్రాల్‌లో డాక్టరుకు చూపించుకుంటే, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. అందుకే చనిపోయిన మా అమ్మ ఫైలు కోసం వెళ్లాను.

ఆవిడ ఫైలు తెరుస్తూనే జబ్బు పేరున్న చోట స్టాంపు సిరా అంటిన బొటనవేలు అదిమిపెట్టింది. ఎవరొచ్చినా అలాగే చేస్తుందట.

“ముందుగాల అర్థం చెప్తా, తర్వాత చూడు బిడ్డా. పరేషాన్ గాకు.”

నేను ఫైలు మీదికి వంగాను.

“హిస్టీరియా అని రాసిన్రు. గ్రీకోళ్లు గర్భసంచిని పిలిచే మాటకెల్లి వచ్చిందంట. అది ఒంట్ల తిరుగుతదని, అందుకే ఆడోళ్లకు గిట్లయితదని అనుకునేటోళ్లు. ఇప్పుడు డాక్టర్లు గా మాట రాస్తలేరు.”

అప్పుడు వేలు తీసింది. పక్కనే తేదీ ఉంది. అప్పటికి నేను పుట్టి పదకొండు రోజులు.

“ఇప్పుడు రాసే పేర్లు సుత ఎన్ని దినాలుంటయో!” అంటూ ఫైలు మూసింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి నా మందుల చీటీ కోసం చెయ్యి చాపింది.

“నీకేం జబ్బని రాశాడమ్మా?”

చూస్తే, నా బొటనవేలు ఆ పేరు మీదే ఉంది. ముందు అర్థం చెబుదామంటే, నాకది తెలియదు.