సమ్మెలో కూర్చిన కరపత్రం

మొన్న కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో బస్సు కోసం నిలబడితే, ఎదురుగా ఫ్లెక్సీలో మా బావ దండం పెడుతూ కనిపించాడు. మా అక్క భర్త. పోయి పదకొండు రోజులైంది. 'కార్మికుల కన్నతండ్రి' అని ఇంతేసి అక్షరాల్లో వేశారు. చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత బస్సు వచ్చినా ఎక్కకుండా పక్క అరుగు మీద కూర్చున్నాను.

సీసపు అక్షరాల కాలం ఎరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు, శ్రీకాకుళంలో ఆ రోజుల్లో ప్రెస్సు పనివాళ్ళమంతా ఒక ఇంటివాళ్ళలా ఉండేవాళ్ళం. మాకు సంఘం పెట్టినవాడు బావ; ఒక్కో అక్షరం ఏరి పేర్చే విద్య నాకు నేర్పినవాడు మాత్రం మా పెదనాన్న. ఆయనకు చూపు మందగించిందని మా యజమాని పనిలోంచి తీసేస్తే, తిరిగి చేర్చుకునేదాకా ఊళ్ళో ఏ ప్రెస్సులోనూ ఎవరూ అక్షరం ముట్టకూడదని బావ సమ్మె చేయించాడు. అంతలో మునిసిపాలిటీ ఎన్నికలొచ్చాయి, బావ నిలబడ్డాడు, మరి ఆయన కరపత్రం అచ్చు వేసేవాడేడీ?

"ఒరే, ఒక్క కాయితం రా. నువ్వు సెయ్యకపోతే ఎవులు సేస్తారు? యజమానితో మాటాడేసినాను," అన్నాడు.

యజమాని అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఒక మధ్యాహ్నం తలుపులేసుకుని అక్షరాలు కూర్చాను, నేనే అచ్చు తీశాను. మర్నాడు యజమాని ఆ కరపత్రాన్నే గేటుకు అంటించాడు. అందరూ మూగారు. పెదనాన్న దాన్ని ఊడదీసి కంటికి ఆనించుకుని చూశాడు. మాటకూ మాటకూ మధ్య జాగా కాస్త ఎక్కువ వదలడం ఆయన దగ్గరే నాకు అబ్బిన అలవాటు.

"ఏటిరా, ఇది నీ సెయ్యే కదా," అన్నాడు.

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూడకుండానే, "నా మీద అబిమానం కొద్దీ సేసీసినాడు, నాకు తెలీదు," అన్నాడు. పక్కన అక్క లేకపోయినా అక్క ముఖమే కనిపించి, నేను నోరు మూసుకున్నాను.

వారం తిరక్కుండా సమ్మె చెదిరిపోయింది. అందరూ పనిలో చేరారు, పెదనాన్న తప్ప. బావ గెలిచాడు, ఆపైన ఇంకా పెద్ద పదవులకు వెళ్ళాడు. పెదనాన్న పోయేదాకా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ ప్రెస్సులూ లేవు, సంఘమూ లేదు. ఈ ఫ్లెక్సీని ఎంత కంటికి ఆనించుకుని చూసినా ఎవరి చేతి పనో చెప్పలేం. ఆ కంప్యూటరు ముందు కూర్చున్నది ఎవరైనా ఒకటే. నా చేతిని పెదనాన్న గుర్తుపట్టాడు, ఆ చేత్తో ఆ పని చేయించిందెవరో తెలుసుకోకుండానే పోయాడు. అక్క కూడా పోయింది, ఇక చెప్పడానికి నాకేమీ అడ్డు లేదు. వినవలసిన మనిషే లేడు.