మా బావ రాసిన హత్య

మా బావ నతానియేలు బొద్దింకని కూడా సంపలేడు. పలాసలో జీడి ఫ్యాక్టరీ సూపర్వైజరు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకాలు పంచేది ఆయనే. అలాంటోడు మా అప్ప గ్లోరీకి తెలీకుండా రెండేళ్లుగా థ్రిల్లర్ నవల రాత్తన్నాడు. రాసుకో, ఎవరొద్దన్నారు? పెళ్లానికి సెప్పి రాయొచ్చు కదా! ఓవర్టైమని అబద్ధమాడి, రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూకుని రాసీవోడు.

ఆ నోటుబుక్కు ఎక్కడ దాసినాడనుకున్నారు? బియ్యం డబ్బాలో. ఇంట్లో రోజూ అన్నం ఎవరు వండుతున్నారో ఆయనకి తెలీదు మరి.

అప్ప మొదటి పేజీ సదివింది. "నాకు భార్య, ఇద్దరు పిల్లలు. చేసిన తప్పు ఒక్కటే, కోటబొమ్మాళి కళ్యాణిని కలవడం. నా భార్యకు తెలిసేలోగా కళ్యాణిని చంపేయాలి." రెండో పేజీ తిప్పలేదు. ఇంకో ఆడదైతే మొగుడి కాలరు పట్టుకుని అడుగును. మా అప్ప సరాసరి చర్చిలో స్త్రీల కూడికకి పోయి, లేచి నిలబడి, ఇది ప్రార్థన అంశమని సదివిందంతా సెప్పీసింది. పదిహేడుమంది ఆడోళ్లు కళ్లు మూసుకుని, కోటబొమ్మాళిలో ఉన్న కళ్యాణిలందర్నీ మా బావ సేతిలోంచి కాపాడమని దేవుణ్ణి వేడుకున్నారు. కళ్లు తెరిసిన గంటకి పలాస మొత్తానికి తెలిసిపోనాది.

సాయంత్రానికి అప్ప పిల్లగుంటలిద్దర్నీ ఏసుకుని హరిశ్చంద్రపురంలో మా ఇంటికొచ్చీసింది. ఆయన్ని ఒగ్గీసినానంది. నా మంచం దాని పాలైంది, నేను అరుగు మీదకి పోనాను. ఒళ్లు మండింది గాని, దాని ముఖం సూసి ఏటీ అనలేకపోనాను. కంచం ముందు కూకుంటాది, ఏడుస్తాది, తినదు.

అక్కడ పాస్టరుగారు బావని ప్రభువు బల్లకి, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకోడానికి, రావద్దనీసి, నోటుబుక్కు పట్టుకెళ్లినారు. నాలుగు రోజుల్లో నూట ఎనభై పేజీలూ సదివినారు. ఆదివారం ఆరాధన అయ్యాక, ఇదంతా కట్టుకత, ఎవరికీ ఏ ప్రమాదమూ లేదని అందరి ముందూ సెప్పినారు. కళ్యాణి సచ్చిన తీరు మాత్రం తనకి నచ్చలేదన్నారు.

బావ నోటుబుక్కు సంకలో ఎట్టుకుని, కొత్త పెళ్లికొడుకులాగ మా ఇంటికొచ్చినాడు. ఇంటికి పోదాం రమ్మన్నాడు. అప్ప కదల్లేదు. నోటుబుక్కు లాక్కుని, మధ్యాన్నం దాకా మొత్తం సదివింది. ఈయన అరుగు మీద నా పక్కన కూకుని సెమటలు తుడుసుకున్నాడు.

"కళ్యాణి జడ గురించి అరపేజీ రాసినావు," అంది బయటికొచ్చి. "నూట ఎనభై పేజీల్లో పెళ్లానికి పేరే లేదేటి?"

బావ నోటుబుక్కు తీసుకుని పేజీలు తిరగేసినాడు. నిజమే, ఎక్కడ సూసినా 'నా భార్య' అనే ఉంది. నా భార్య టీ ఇచ్చింది. నా భార్య నిద్రపోయింది. అంతే. పేరు రాసినాకే ఇంటికొత్తానని సెప్పి అప్ప తలుపేసుకుంది.

నా పెన్ను తీసుకుని, 'నా భార్య' కొట్టీసి 'గ్లోరీ' అని రాసుకుంటా పోనాడు బావ. మూడో పేజీలో ఆగిపోనాడు. ఏటయ్యిందని అడిగినాను.

"పేరెట్టగానే కతలో గ్లోరీ అడిగీసింది బామ్మర్దీ, రోజూ ఎక్కడికెల్తన్నావని. నిజం సెప్పీసినాను. ఇంక కళ్యాణిని ఎందుకు సంపుతాను?"

లోపల గడియ తీసిన సప్పుడయ్యింది. పలాస పాసింజరు ఎన్నింటికిరా అని అప్ప నన్నడిగింది.