మ్యూనిక్ నుంచి వెనిస్‌కు, తిరుపాలు మీదుగా

గురువారం సాయంత్రం దోహాలోని వెస్ట్ బేలో, ఎర్రలైటు దగ్గర, ఆస్ట్రియా కొండదారిని చూసి తిరుపాలు వాంతి చేసుకున్నాడు. హ్యాండ్‌బ్రేకు వేసి, "సారీ మామా" అని చెప్పి, తలుపు తెరిచి, తల మాత్రం బయటపెట్టి పని ముగించుకున్నాడు. ఇంతలో పచ్చలైటు పడింది. మూతి తుడుచుకుని బండి ముందుకు పోనిచ్చాడు.

ఆ కొండదారి ఫోనులో ఉంది. ఫోను మామా చేతిలో ఉంది. వెనకసీట్లోంచి వంగి, అతని ముక్కు దగ్గర పెట్టి మరీ చూపించింది. ఎవరో తీరికున్న మనిషి కారుకు కెమెరా తగిలించి, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేని రోడ్డు మీద మెలిక వెంట మెలిక తిరుగుతూ తీసిన వీడియో అది. "చూడు తిరుపాల్, ఇదే దారి. మ్యూనిక్‌లో విమానం దిగుతాం, కారు అద్దెకు తీసుకుంటాం, ఈ కొండలన్నీ దాటి వెనిస్ చేరతాం. నడిపేది నువ్వే" అంది. మూడో మెలిక దాకా తిరుపాలు ఓర్చుకున్నాడు.

మామా అంటే మనవైపు మామ కాదు. ఖతర్ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అనాలి, యజమానిని బాబా అనాలి. ఈ మామా తిరుపాలు కంటే పన్నెండేళ్లు చిన్నది. కొత్తలో నోరు తిరగలేదు గానీ, ఇప్పుడు కలలో కూడా అలాగే పిలుస్తున్నాడు. ఆమె మాట్లాడేది సగం అరబీ, సగం వంటింట్లో అబ్బిన హిందీ. అతనిదీ ఇంచుమించు అదే చదువు కాబట్టి పద్నాలుగేళ్లుగా ఇద్దరికీ ఇబ్బంది లేదు.

తిరుపాలుది రాయచోటి పక్క పల్లె. డ్రైవింగులో అతనికి పేరు పెట్టడానికి లేదు, నేల చదునుగా ఉన్నంతవరకు. కొండ ఎక్కితే మాత్రం కడుపు మాట వినదు. స్టీరింగు చేతిలో ఉన్నవాడికి తల తిరగదంటారు, తిరుపాలుకు తిరుగుతుంది. భాకరాపేట ఘాటు మీద తిరుపతి పోవాల్సి వస్తే ముందురోజు నుంచే పస్తుండేవాడు. ఖతర్ అతనికి నచ్చడానికి మొదటి కారణం అది చపాతీలా ఉండడం. ఇక్కడ అతను ఎక్కిన ఎత్తులన్నీ ఫ్లైఓవర్లే.

వాంతి సంగతి మామా తనే తేల్చేసింది. "నిన్న రాత్రి చేపలా?" అంది.

"జైన్, మామా" అన్నాడు తిరుపాలు.

జైన్ అంటే అరబీలో బాగుంది. సరే అన్నా అదే, అలాగే అన్నా అదే. తిరుపాలు నోట్లో అది మాట కూడా కాదు, మలుపు తిరిగేముందు వేసే ఇండికేటరు లాంటిది. ఎటు తిరగాలో మామా చెబుతుంది, అతను జైన్ అంటాడు.

దారిలోనే మామా ఇంటికి ఫోను చేసి చెప్పేసింది. మెసైమీర్‌లోని ఇల్లు చేరేసరికి వంటింటి గుమ్మంలో శివకుమారి నిలబడి ఉంది. ఆమెది రాజోలు దగ్గర ఊరు. ఆ ఇంట్లో వంటా ఆమెదే, పిల్లలూ ఆమెవంతే.

"ఏంటన్నయ్యా, నా చేపల పులుసు తిని వాంతయిందన్నావంట?"

"నేను చెప్పలేదుమ్మా. చేపలా అని ఆమే అడిగె. నేను జైన్ అంటి."

"అంటే చెప్పినట్టే కదన్నయ్యా. నలుగురు పిల్లలూ తిన్నారు, రాయిలా ఉన్నారు. నీ ఒక్కడికే విషమైపోయిందా?"

తిరుపాలు కొండల సంగతి చెప్పుకొచ్చాడు. శివకుమారి వింటూ వింటూ కొంగుతో నోరు మూసుకుంది. నవ్వు ఆగాక, "డ్రైవరుకి కార్లో తల తిరగడమేంటన్నయ్యా, వంటమనిషికి పొగ పడనట్టు" అంది.

నిజానికి ఈ ప్రయాణం అంత పెద్దదవడంలో తిరుపాలు చేయి కూడా ఉంది. బాబాను ఏమడిగినా "నీ ఇష్టం" అంటాడు. స్నేహితురాళ్లను అడిగితే తాము ఇంతకంటే పెద్ద కొండలు చూశామంటారు. అందుకని మామా ఆలోచనలన్నీ కారులో, తిరుపాలు వీపుకు చెప్పుకుంటుంది. ముందు మ్యూనిక్ నుంచి వెనిస్‌కు తిన్నగా పోదామనుకుంది. జైన్ అన్నాడు. మధ్యలో ఒక సరస్సు ఉందట, రెండు రాత్రులు ఉందామా అంది. జైన్. మంచు పేరుకున్న రోడ్డు ఒకటి ఉందట, కాస్త చుట్టు అంది. జైన్. ఏటా ఇలాంటి ప్రయాణాలు ఏవో ఒకటి వేసుకుని, చివరకు పిల్లల్ని సాయంత్రాలు మాల్‌కు తీసుకెళ్లి సరిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. పోని ఊరికి దారి ఎంత పొడుగైతే మనకేం అనుకున్నాడు తిరుపాలు. ఈ ఏడు మాత్రం విమానం టికెట్లు వచ్చేశాయి. వీసా కోసం పాస్‌పోర్టులు పోయి, అతని పాస్‌పోర్టు కూడా వీసా అంటించుకుని తిరిగొచ్చేసింది.

ఒకసారి ధైర్యం చేసి, వెనిస్‌లో బండి ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. అది నీళ్లలో ఉన్న ఊరనీ, అక్కడ కార్లు తిరగవనీ ఎవరో చెప్పారు.

"ఊరి బయట పార్కింగు ఉందిలే" అంది మామా. "మేము చూసొచ్చేదాకా నువ్వు బండి దగ్గర ఉంటావు."

అంటే యూరప్ మొత్తం వాంతులు చేసుకుంటూ దాటి, చివరికి ఒక పార్కింగులో కూర్చోవాలి. పార్కింగులో కూర్చోవడం అతనికి దోహాలోనే బాగా వచ్చు.

అయితే అసలు బాధ కొండలూ కావు, పార్కింగూ కాదు. ఊళ్లో తిరుపాలు కట్టిన ఇల్లు తయారై రెండేళ్లయింది. రంగులు వేశారు, ఫ్యాన్లు బిగించారు, తాళం పెట్టారు. గృహప్రవేశం మాత్రం కాలేదు. మొదటి ముహూర్తానికి మామాకు పురుడు వచ్చింది. రెండో ముహూర్తానికి బాబా తండ్రి ఆసుపత్రిలో పడ్డాడు. భార్య హనుమక్క కొత్తింటి పక్కనే రేకుల షెడ్డులో ఉంటోంది. మొగుడు పక్కన లేకుండా గడప దాటనని ఆమె పంతం. రోజూ పొద్దున్నే కొత్తింటి వసారా ఊడ్చి, తాళం సరిగా ఉందో లేదో లాగి చూసి, మళ్లీ షెడ్డులోకి పోతుంది. ఇంటివాళ్లు సెలవులకు పోయినప్పుడే డ్రైవరుకూ సెలవు. ఈసారి ముహూర్తం శ్రావణంలో. అదే శ్రావణంలో ఈ కొండలు వచ్చి పడ్డాయి.

ఖతర్‌లో ఆదివారం బడి ఉంటుంది. ఆ మధ్యాహ్నం బడి బయట డ్రైవర్లంతా బండ్లు నీడకు పెట్టుకుని పిల్లల కోసం కాచుకున్నారు. ఆ గుంపులో దస్తగిరి రాయచోటివాడే, ఇంకో ఇంటి డ్రైవరు. తిరుపాలు గోడు విని పళ్లు కుట్టుకుంటూ ఆలోచించాడు.

"మావోళ్లు గూడా పోయినేడు ఆ పక్కకే పోయినారప్పా. నన్ను పిల్చుకోనిపోలేదే."

"ఎట్ల తప్పించుకుంటివి?"

"తప్పించుకునేదేముంది. వాళ్లు రైల్లో పోయినారు. రైలుకు డ్రైవరు వాళ్లే ఇస్తారు. నన్ను నెల దినాలు ఇంటికి పంపిరి."

తిరుపాలు ఆ మాటను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ రైళ్ల సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. దస్తగిరికి తెలిసింది అతని యజమాని చూపిన వీడియోలంతే, కానీ అవి చాలు. ఇంకా కావలసినవి తిరుపాలు తనే ఫోనులో చూశాడు. కొండల్ని ఎదురుగా కాకుండా రైలు కిటికీలోంచి పక్కకు చూస్తే కడుపు గమ్మునుంటుందని కూడా అప్పుడే తెలిసింది.

మర్నాటి నుంచి మొదలుపెట్టాడు. జైన్ తప్ప మాట రాని మనిషి, స్టీరింగు పట్టుకుని యూరప్ రైళ్లను వర్ణించడం మామాకు వింతగా ఉంది. కారులో కొండ ఒక పక్కే ఉంటుంది మామా, రెండో పక్క కూర్చున్న పిల్లలకు రాతిగోడ తప్ప ఏముంది అన్నాడు. రైల్లో రెండు పక్కలా అద్దాలే. కారులో చిన్నబ్బాయికి దారి పొడుగునా బాత్రూము వెతకాలి, రైల్లో అది మన వెంటే వస్తుంది. కారులో బాబా పడుకుంటే గురక మనకే వినబడుతుంది, రైల్లో అందరూ పంచుకుంటారు. ఆ చివరి మాటకు మామా నవ్వింది. బుధవారానికల్లా ఫోను స్పీకరులో పెట్టి ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడింది. కారు వద్దు, మ్యూనిక్ నుంచి వెనిస్‌కు కొండల మీదుగా పోయే రైలుకు టికెట్లు చూడండి అంది.

ఆ పూట తిరుపాలు బండిని రెండుసార్లు కడిగాడు. హనుమక్కకు ఫోను చేసి, "పంతులుకు చెప్పు మే, వస్తాండా" అన్నాడు. ఆమె అడ్డు ప్రశ్న ఒకటి కూడా వెయ్యలేదు. సాయంత్రానికి పంతులుకు తాంబూలం ఇచ్చేసింది, చుట్టాలకు కబురు పెట్టేసింది, గడప ముందుగా దాటడానికి ఎదురింటివాళ్ల ఆవును, దూడతో సహా మాట్లాడేసుకుంది.

ప్రయాణానికి పది రోజులుందనగా శివకుమారి పెట్టెలు హాల్లో వరస పెట్టింది. పిల్లల బట్టలకు నాలుగు. మామాకు మూడు. బాబాకు ఒకటి. బియ్యం, మసాలాలు, మామాకు అలవాటైన పెద్ద గిన్నె ఉన్నవి రెండు. సాంబ్రాణి వేసే సామాను ఒకటి. చంటివాడి బండి వేరే. మామా సోఫాలో కూర్చుని వాటిని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది.

"రైల్లో ఇవి ఎవరు ఎక్కిస్తారు?" అంది.

బాబా ఫోను చూసుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడ్డ తిరుపాలు పెట్టెల్ని లెక్కపెట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ఈ ఇంటి సామాను ఎక్కడికి కదిలినా బండిలోకీ కిందికీ మార్చింది అతనే. రైలు గురించి అన్నీ ఆలోచించాడు, బాత్రూము కూడా ఆలోచించాడు, పెట్టెలు మాత్రం తట్టలేదు.

"తిరుపాల్ వస్తాడు" అని మామా తనే జవాబు చెప్పుకుంది. "వీసా ఉండనే ఉంది. రైళ్ల సంగతి మా అందరికంటే అతనికే బాగా తెలుసు."

అతను బయటికొచ్చి దస్తగిరికి ఫోను చేశాడు. "మీవోళ్ల పెట్టెలు ఎవరు మోసిరప్పా?"

"పెట్టెలేముండాయి. కొత్తగా పెండ్లైనోళ్లు ఇద్దరు. చెరొక బ్యాగు ఈపుకు తగిలించుకోని పోయినారు" అన్నాడు దస్తగిరి. "ఏం, మీవోళ్లు ఎంతమంది?"

తిరుపాలు ఫోను పెట్టేశాడు.

వంటింట్లో శివకుమారి అతనికి టీ ఇచ్చి, పాఠం చెప్పింది. "వెళ్లి లా అను అన్నయ్యా. అరబీలో కాదనడానికి అంతే. ఒక్క అక్షరం. నోరు తెరిస్తే చాలు, దానంతటదే వచ్చేస్తది." నాలుగుసార్లు అనిపించింది. నాలుగోసారి బాగానే వచ్చింది.

మామా ముందు నిలబడ్డాక లా రాలేదు. ఇంటి సంగతి వచ్చింది. ఇల్లు కట్టానని, పూజ చెయ్యాలని, భార్య బయట షెడ్డులో ఉందని, వచ్చిన భాషలన్నీ కలిపి చెప్పాడు. మామా కళ్లు పెద్దవి చేసింది. మనసున్న మనిషి, వెంటనే అభినందించింది. "మబ్రూక్ తిరుపాల్, ఇంతకాలం చెప్పలేదేం? తిరిగి రాగానే సెప్టెంబరులో వెళ్లు. బాబా ఆఫీసు డ్రైవరు పిల్లల్ని చూసుకుంటాడు. నీ కొత్తింటికి తివాచీ నేనిస్తాను" అంది.

సెప్టెంబరు అంటే భాద్రపదం. భాద్రపదంలో కొత్తింట్లోకి పోరు. అది రాయచోటిలో చంటిపిల్లకు కూడా తెలుసు. మెసైమీర్‌లో దాన్ని ఏ భాషలో చెప్పాలి?

"సెప్టెంబరులో ఇల్లు మాఫీ, మామా" అన్నాడు. మాఫీ అంటే లేదు.

"కట్టానన్నావుగా?"

"ఇల్లు ఉంది. పూజ మాఫీ. ఆ నెల మంచిది మాఫీ."

"ఎందుకు మంచిది కాదు?"

తిరుపాలు చెమట తుడుచుకున్నాడు. తిథులు, నక్షత్రాలు, శూన్యమాసం, ఆ వెనకే వచ్చే పితృపక్షం, వీటిలో ఒక్కదానికీ అతని దగ్గర అరబీ లేదు. చేతికందిన మాటలు తీసుకున్నాడు. "ఆ నెల మా దేవుడు మాఫీ."

బాబా ఫోనులోంచి తలెత్తి చూశాడు. మామాకు కోపం రాలేదు, జాలి కలిగింది. "అలా అనకూడదు తిరుపాల్" అంది మెల్లగా. "దేవుడు అన్ని నెలల్లోనూ ఉంటాడు."

ఈ మాట తిరుపాలూ ఒప్పుకుంటాడు.

"జైన్, మామా" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం హనుమక్కకు ఫోను చేశాడు. శ్రావణానికి రాలేనని చెప్పాడు. షెడ్డు రేకుల మీద కోడి నడుస్తున్న చప్పుడు ఇక్కడికి వినబడింది.

"అందరికీ చెప్పుకుంటినే" అంది హనుమక్క. "ఆవును మాట్లాడుకుంటి. వంటోళ్లను పిలిస్తి. ఇప్పుడు నేను యా మొగం పెట్టుకోని తిరగాల?"

"ఏం జేసేది మే. పెట్టెలు మోసేవాళ్లు లేరంట."

"పద్నాలుగేండ్లుగా ఆ యమ్మ ఏమన్నా సరే, సరే అంటాండావు. నా మాటకు ఒక్కసారన్నా సరే అన్నావా నువ్వు?"

"నీ మాటకు సరే అనే గద మే, నేను ఈడికొచ్చింది" అన్నాడు తిరుపాలు.