ఎర్ర టీషర్టులు, మిర్చి ఘాటు

మా అమ్మాయిల కబడ్డీ క్లబ్బుకు మ్యాట్ కొనడానికి, క్లబ్బు పేరుతో ఎర్ర టీషర్టులు చేయించి అమ్ముదామనుకున్నాం. పన్నెండేళ్ల పిల్లల సైజు చెబితే షాపువాడు అన్నీ పహిల్వాన్ల సైజులో పంపాడు. "ఉతికితే గుంజుకపోతయ్ మేడం" అన్నాడు పైగా. నాకు ఒళ్లు మండిపోయింది.

మిర్చి మార్కెట్లో హమాలీ పనిచేసే మా కెప్టెన్ వాళ్ల నాన్న ఒకటి తొడుక్కుని చూసుకున్నాడు. "ఎర్రదైతే మిర్చి దుమ్ము కనవడది మేడం. మావోళ్లందరికీ కావాలె, అన్నీ ఇయ్యుండ్రి" అన్నాడు. రెండు రోజుల్లో ఒక్కటీ మిగలలేదు. మ్యాట్ వచ్చింది.

ఆ మ్యాట్ మీద మొదటి మ్యాచ్ చూడటానికి హమాలీలు పని ముగించుకుని, అవే టీషర్టులతో నేరుగా వచ్చి మా కోర్టు వెనకాలే కూర్చున్నారు. కూతకు వచ్చిన అవతలి అమ్మాయి నడిమి గీత దాటి మా వైపు రాగానే ఘాటు ముక్కుకెక్కింది. "కబడ్డీ, కబడ్..." తుమ్మింది. కూత తెగింది, అవుట్! రెండో అమ్మాయిదీ అదే కథ. మా పిల్లలు మాత్రం ఆ ఘాటులోనే పుట్టి పెరిగారు.

"వాళ్లను జర దూరం జరగమనండి సార్" అని అవతలి కోచ్ రిఫరీకి మొరపెట్టుకుంది. ఆయన విజిల్ తీసి, హమాలీల దగ్గరికి వెళ్లి, నోరు తెరిచి, గట్టిగా తుమ్మాడు.