బొట్టు తుడవని ఫ్రేముల తాత

మా పక్కగది తాత పోయాడు. ఆ కబురు ఆఫీసు గేటు దగ్గరి సెక్యూరిటీ అన్న చెప్పాడు. మాదాపూర్ గాజు బిల్డింగులో, ఏసీ చలికి చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని, కంప్యూటర్ తెర మీద దుర్గమ్మ చీర కుచ్చిళ్ల దగ్గరి మరక చెరుపుతున్నాను. ఫోన్ మోగింది. "చెల్లే, మీ ఇంటి ఓనర్ ఫోన్ చేసిండు. పక్కగది ముసలాయన పొద్దుగాల లేవలేదంట. పోయిండంట," అన్నాడు.

సెలవు కోసం మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"ఎవరు పోయారు?"

"తాత."

"అమ్మ వైపా, నాన్న వైపా?"

"గోడకు అటు వైపు."

ఆయనకు నవ్వు రాలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. సొంతవాళ్లు పోతేనే సెలవట. సాయంత్రం వెళ్లి చూసి రమ్మన్నాడు. సాయంత్రం దాకా శవాన్ని ఆపడానికి అది మీ మీటింగు కాదు సార్ అని చెప్పి వచ్చేశాను.

వచ్చినా ఏం లాభం. నానక్‌రామ్‌గూడ నుంచి తాత తమ్ముడి కొడుకు వచ్చి అప్పటికే తీసుకెళ్లిపోయాడు. గది ముందు తడి నేల, మసి అంటిన ఒక కుండపెంకు మిగిలాయి. ఆయనతో వెళ్లినవాళ్లు చాలా కొద్దిమంది అని ఓనరమ్మ చెప్పింది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత దేవుడి బొమ్మలు అమ్మే ఆయన చుట్టూ మూగి, "తాతా, ఏం తెచ్చావు ఈసారి" అని వంగి వంగి అడిగినవాళ్లలో ఒక్కడూ రాలేదు. వాళ్లు ఆయన్ని దొంగ అన్నారు. బొమ్మలు చెడగొట్టి అమ్ముతాడన్నారు. ఆ మాటను ఎవరూ వెనక్కి తీసుకోకుండానే ఆయన పోయాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. తగ్గక ముందే రాస్తున్నాను.

తాత బతుకంతా పాతబస్తీలో ఒక ఫ్రేముల దుకాణంలో పటాలు కట్టాడు. కొత్త పటం కట్టించుకున్నవాళ్లు పాతదాన్ని అక్కడే వదిలి వెళ్లేవాళ్లు. "దేవుని బొమ్మను చెత్తల ఎయ్యలేరు, ఇంట్ల పెట్టుకోలేరు. నా నెత్తిన పెట్టి పోతరు. నేనేమన్న గుడినా?" అని తిట్టుకునేవాడు. తిట్టుకుంటూనే అన్నిటినీ దాచాడు. వాటిలో ఆయనకు ప్రాణమైనవి అరచేతంత కార్డులు. వెనకటి రోజుల్లో బట్టల మిల్లులవాళ్లు ప్రతి బట్ట తాను మీద రంగుల దేవుడి బొమ్మ అచ్చేసిన అట్టముక్కను అంటించి పంపేవాళ్లట. బట్ట కుట్టించుకున్నాక ఆడవాళ్లు ఆ ముక్కను పారేయలేక దేవుడి గూట్లో పెట్టుకునేవాళ్లు. ఇక ఏళ్ల తరబడి దీపం పొగ, అగరుబత్తి, నూనె చేతులు, శుక్రవారానికో బొట్టు. ఇప్పుడు అవే కార్డుల కోసం చదువుకున్న పెద్దమనుషులు భూతద్దాలు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లు తమను కలెక్టర్లు అని చెప్పుకుంటారు. తాత వాళ్లను "జిల్లా లేని కలెక్టర్లు" అనేవాడు.

నేను ఆయన పక్కగదికి కిరాయికి వచ్చిన రోజే పలకరించాడు. "ఏం పని చేస్తవ్ బిడ్డా?"

"దేవుళ్ల ఫొటోల మీద మరకలు తీస్త. కంప్యూటర్‌ల. సీడీలు చేసి బయటి దేశాలకు పంపుతరు."

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నేను గూడ గదే పని. కాకపోతే నాకు కరెంటు అక్కర్లే."

నేను ఇంటర్ తప్పాను. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ సెంటర్ ముందు బల్ల దగ్గర కూర్చుని ఫీజులు రాసేదాన్ని. వై2కె కోర్సుల పిల్లలు టీకి దిగినప్పుడు ఖాళీ కుర్చీలో కూర్చుని పని పట్టుకున్నాను. నాకు మౌస్ పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. మరక కనపడగానే చెయ్యి దూకకుండా ముందు దాన్ని చూడాలని మాత్రం తాత నేర్పాడు.

తాత పొద్దుటి వెలుగులో కిటికీ కింద కూర్చునేవాడు. ఎండిన బన్నును నలిపి, ఆ పొడిని కార్డు మీద వేసి, వేలి కొసతో గుండ్రంగా తిప్పేవాడు. పొడి నల్లగా మారగానే మేకవెంట్రుకల బ్రష్‌తో దులిపేసి కొత్త పొడి వేసేవాడు. నూనె మరకైతే సుద్దపొడి చల్లి బరువు పెట్టి వదిలేసేవాడు. నీళ్ల చుక్క దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మొదలుపెట్టే ముందు ప్రతి కార్డునూ వాసన చూసేవాడు. "ఇది ఆముదం ఇల్లు," "ఇది కిరసనాయిలు దీపం ఇల్లు, పాపం లేనోళ్లు." మధ్యాహ్నం కొత్త బిల్డింగుల కోసం బండలు పేల్చే వేళకు కార్డులన్నీ రేకు డబ్బాలో పెట్టి, మూత మీద చెయ్యి ఆనించి కూర్చునేవాడు. పేలుడుకు కిటికీ అదిరితే ఆ దిక్కుకు తిరిగి ఒక బూతు తిట్టేవాడు.

దేవుడిలాంటి మనిషి అని రాయను. పిసినారి. నా టీలో సగం తాగి చక్కెర తక్కువైందనేవాడు. నేను తలకు నూనె పెట్టుకున్న రోజు గడప దాటనిచ్చేవాడు కాదు. నాకు జ్వరం వస్తే మాత్రం గోడ మీద కొట్టి "బతికున్నవా?" అని అడిగేవాడు. ఈ ఊళ్లో ఆ మాట అడిగినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒకసారి సరస్వతి కార్డు తుడుస్తున్నాడు. మసి కింద నుంచి వీణ బయటపడుతోంది. నొసట మాత్రం ఎర్రగా గడ్డకట్టిన బొట్టు, కనుబొమల దాకా కారి ఉంది. "అది గూడ తీసేయ్ తాతా, ముఖం మంచిగ కానొస్తది," అని వేలు పెట్టబోయాను. బ్రష్ తిరగేసి వేళ్ల మీద కొట్టాడు.

"పొగ ఎవలదీ కాదు. బొట్టు ఒకామెది. ఆమె పెట్టింది తీసేటందుకు నువ్వెవతివి, నేనెవన్ని?"

"పొగ మాత్రం ఊరికెనే వచ్చిందా? దీపం ఆమెనే గదా ముట్టించింది?"

తాత డబ్బా మూత పెట్టేశాడు. ఆ పూటా మర్నాడూ నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున గోడ అవతలి నుంచి అరిచాడు. "ఏయ్ మిషిను బిడ్డా! ముఖమే కానరాకుంటే ఆమె బొట్టు ఎవలకు పెట్టిందో ఎట్ల తెలుస్తది? అందుకే పొగ తుడుస్త. సమజైందా?"

"సగం సమజైంది."

"సగం చాలు. నాకు గూడ సగమే."

పాత కార్డును తుడవడం తప్పా కాదా అని ఇవాళ నన్ను అడిగినా నేను సగమే చెప్పగలను. కాగితం ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, బన్ను పొడి తగిలినా అది మార్చినట్టే అనేవాళ్లు ఉన్నారు. ఆ మాట తాత ముఖం మీదే అని, ఆయన దగ్గర కొనకుండా వెళ్లినవాళ్లతో నాకు ఏ గొడవా లేదు. నా గొడవంతా తుడిస్తేనే కొంటామని వెంటపడి, తర్వాత వేలు చూపించినవాళ్లతో.

ఒక బ్యాంకు ఆఫీసరు ఉండేవాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి, మర్యాదగా మాట్లాడేవాడు. గజలక్ష్మి కార్డు ఒకటి ఆయన కళ్లలో పడింది. తాత ఇచ్చే ముందు మామూలుగా చెప్పాల్సింది చెప్పాడు: "పొగ తుడిచిన. బొట్టు ముట్టలే."

"ఆ బొట్టు కూడా తీసేస్తే ఎంత బావుంటుందండీ!"

"బాగనే ఉంటది. నేను తియ్య."

ఆఫీసరు నవ్వి తీసుకెళ్లాడు. అంతకు ముందే ఆ కార్డును నేను ఆఫీసుకు తీసుకెళ్లి స్కాన్ చేసి పెట్టుకున్నాను. ఎవరి కోసమూ కాదు. ఆ ఏనుగుల కళ్లు నాకు నచ్చాయి, అంతే.

కొన్నాళ్లకు కలెక్టర్లంతా ఎక్కడో హాల్లో ఎగ్జిబిషన్ పెట్టుకున్నారు. అది అయిన మర్నాడు ఆఫీసరు స్కూటర్ మా సందులో ఆగింది.

"ఏమండీ, మీవల్ల నేను నలుగురిలో తలెత్తుకోలేకపోయాను! కార్డుకి మందు రాసి నాకంటగట్టారా?"

ఆ గజలక్ష్మి కార్డును తాత చేతిలో పెట్టాడు. లక్ష్మి నొసట బొట్టు లేదు. దాంతోపాటు కనుబొమలూ లేవు. ఆ మేర కాగితం తెల్లగా పాలిపోయి ఉంది. తాత అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బ్లీచింగు. నా ఇంట్ల బ్లీచింగు లేదు. వచ్చి సూస్కో."

"మరెవరు తుడిచారండీ? నేనా?"

"ఆ. నువ్వే."

సందులో జనం పోగయ్యారు. పెద్ద ఉద్యోగం చేసే మనిషిని అరుగు మీది ముసలాయన అంత మాట అన్నాడని అందరికీ తాత మీదే కోపం వచ్చింది. ఆఫీసరు కార్డు లాక్కుని వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం తాత ఆబిడ్స్ వెళ్లి, డబ్బా మూత తీయకుండానే తిరిగొచ్చాడు. "ఇగ పోను," అన్నాడు.

నా దగ్గర స్కాన్ ఉంది కదా అనుకున్నాను. అమ్మే ముందు బొట్టు ఉందని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కలర్ ప్రింట్ తీసి, మరో ఆదివారం నేనే ఆబిడ్స్ వెళ్లాను. ప్రింట్ కలెక్టర్ల చేతులు మారింది. "ఇగో, అమ్మినప్పుడు బొట్టు గిట్ల ఉండె," అన్నాను. ఒకాయన కళ్లద్దాల మీదుగా చూసి, "నువ్వేం పని చేస్తావమ్మా?" అన్నాడు. గొప్పగా చెప్పాను, కంప్యూటర్‌లో మరకలు తీస్తానని.

"తీసేదానివి పెట్టలేవా?"

అందరూ నవ్వారు. నా పని గురించి ఆయన అన్నది నిజమే. నేను రోజంతా చేసేది అదే. తుడిచినట్టు ఎవరికీ తెలియకుండా తుడిచినందుకే నాకు జీతం ఇస్తున్నారు. నోటికొచ్చింది తిట్టి, ప్రింట్ లాక్కుని, షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ఇంటికొచ్చాను.

చెప్తే తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మంచిగైంది. ఇప్పుడు మనిద్దరం దొంగలం." నవ్వు ఆగాక, కిటికీ వైపు చూస్తూ అడిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. నేను మొత్తానికే ముట్టకుండ ఉండాల్నా? ముట్టకుంటే గీ మాట రాకపోతుండె గదా?"

"మాట రాకపోతుండె. లక్ష్మి ముఖం గూడ ఎవరికీ కానరాకపోతుండె."

తల ఊపాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. ఆ తర్వాత ఆయన ఒక్క కార్డు కూడా తుడవలేదు. పొద్దున్నే డబ్బా తెరవడం, ఒక్కొక్కటే వాసన చూసి మళ్లీ పెట్టేయడం, అంతే. గోడ అవతల బ్రష్ చప్పుడు ఆగిపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చి గోడకు చెవి పెట్టి వినేదాన్ని. రేడియో కూడా పెట్టుకోలేదు మనిషి.

ఆయన పోయిన పదకొండో రోజు, మైల తీరాక, తమ్ముడి కొడుకు భార్యను తీసుకుని గది ఖాళీ చేయడానికి వచ్చాడు. కార్డులు అమ్ముతారని ఎలా తెలిసిందో, బ్యాంకు ఆఫీసరు కూడా వచ్చాడు. కార్డులన్నీ ఉత్త నేల మీద వరుసలుగా పరిచారు. ఆఫీసరు భూతద్దం తీసి గొంతుకూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"చూడండి సార్. ఒక్కదానికన్న బొట్టు తుడిచి ఉన్నదేమో చూడండి."

చూశాడు. ఒక్కటీ వదలకుండా, గోడ దాకా పాకుతూ చూశాడు. చాలా సేపు పట్టింది. చివరికి కళ్లద్దాలు తీసి, వంటమూలన సామాన్లు సర్దుతున్న వాళ్లకు వినపడకుండా అన్నాడు. "ఆ లక్ష్మిది మా ఇంట్లోనే తుడిచామండీ. మరకే కదా అనుకున్నాను."

"ఈ మాట ఆదివారం వచ్చి అందరి ముందట చెప్తరా?"

కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తమ్ముడి కొడుకు వైపు తిరిగి బేరం మొదలుపెట్టాడు. ఆయన చెప్పలేదు. చెప్పడు. అందుకే నేను ఇక్కడ అచ్చులో చెబుతున్నాను: మా తాత ఏ బొట్టూ తుడవలేదు.

అప్పుడే తమ్ముడి కొడుకు భార్య వంటమూల నుంచి వచ్చింది. ఆమెకు ఈ గొడవ ఏదీ తెలియదు. "అయ్యో, దేవుళ్లను కటిక నేల మీద ఏసిన్రా? ఇన్ని రోజుల సంది దీపం గూడ లేకపాయె," అంటూ కుంకుమ పళ్లెం తెచ్చుకుని కూర్చుని, మొదటి కార్డుకు బొట్టు పెట్టేసింది.

"అమ్మా, అమ్మా, ఆగండమ్మా! పాడైపోతాయి!" ఆఫీసరు చెయ్యి చాచాడు.

"దేవునికి బొట్టు పెడితే పాడైతడా సారూ?"

చాచిన చెయ్యి గాలిలోనే ఆగింది. నా వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని గోడకు ఆనుకున్నాడు. ఆమె వరుస తప్పకుండా, పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెట్టుకుంటూ పోయింది. ఫ్యాను గాలికి పళ్లెంలో కుంకుమ లేచి నేలంతా పడింది. పెట్టడం అయ్యాక ఆఫీసరు అన్నిటినీ అలాగే కట్ట కట్టుకుని తీసుకెళ్లాడు.

మర్నాడు ఓనర్ ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు గది చూపించడానికి తలుపు తీశాడు. నేల మీద సన్నటి ఎర్రపొడి, దాని మధ్య అరచేతంత ఖాళీ గళ్లు, గోడ దాకా వరుసగా. కుర్రాళ్లు చెప్పులు విప్పి, అడుగు ఎక్కడ వేయాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయారు.