మెస్ గోడ మీద లిఫ్టర్

మస్కట్ ఘాలాలో మా కంపెనీ లేబర్ క్యాంపు మెస్ గోడకి నాలుగు ఫోటోలు వేలాడేవి. కంపెనీ వాలీబాల్ జట్టులో గొప్పగా ఆడినవాళ్లవి. నాలుగూ స్మాష్ కొట్టేవాళ్లవే. తొంభైల మొదట్లో ఆ గోడ కింద కూర్చుని పప్పన్నం తిన్న ప్రతిసారీ వాటిని లెక్కపెట్టేవాణ్ణి. అక్కడ ఉండాల్సిన ఐదో ఫోటో ఎవరిదో నాకు తెలుసు.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. షట్టరింగ్ కార్పెంటర్. నాకంటే పదేళ్లు పెద్ద, అందుకే అన్నా అనేవాణ్ణి. శుక్రవారం పొద్దున్నే నేల మీది కంకర ఏరేది ఆయనే, రెండు ఇనుప పైపుల మధ్య వల కట్టేది ఆయనే. ఆటలో లిఫ్టర్. ఎటో పోయే బంతి కిందికి దూరి, స్మాష్ కొట్టేవాడి చేతికి అందేలా మెత్తగా లేపేవాడు. సర్వీసు తీసేవాడు, వల దగ్గర అడ్డుపడేవాడు, అవసరమైతే తనే కొట్టేవాడు. చప్పట్లు మాత్రం పక్కవాడికే. అందులో ఆయన చప్పట్లు కూడా ఉండేవి. నాకు ఎక్కువ మంట అదే.

ఆయన వీసా కేన్సిల్ చేసుకుని వారంలో ఇంటికి పోతున్నాడని తెలియగానే టైమ్‌కీపర్ దగ్గరికి వెళ్లాను. క్యాంపులో హాజరు రాసే హైదరాబాదీ. గోడ మీద ఎవరుండాలో ఆయనే చెప్పేవాడు. క్యాంపు వదిలి పోయినవాడి ఫోటో తర్వాత పెట్టరు. అంటే నాకు వారం గడువు.

"మళ్లా వచ్చినవా మియా? పోయినసారి చాయ్‌ల చక్కెర తక్కువైందని వచ్చినవ్."

పోయినసారి కాదు, అంతకుముందు సారి.

"లిఫ్టర్ అన్న ఫోటో పెట్టాలె సాబ్."

"ఏం కొట్టిండని? స్కోర్ బుక్కు తీస్కరా, దేఖేంగే."

స్కోర్ బుక్కు రాసేది నేనే. రూముకి వచ్చి తెరిచాను. నాలుగేళ్ల శుక్రవారాలు. ప్రతి పాయింటు ఎదురుగా దాన్ని కొట్టినవాడి ఊరు; క్యాంపులో ఊరే పేరు. బంతి లేపినవాడికి నేను గడే గీయలేదు. ఎవరెవరినో తిట్టుకున్న అన్యాయం నా దస్తూరీలోనే ఉంది.

నేను మరిచిపోయే మనిషిని కాను. దాన్ని అందరూ రోగమంటారు. ఆ వారం అదే పనికొచ్చింది. డ్యూటీ నుంచి రాగానే మంచం మీద కూర్చుని, గుర్తున్న ప్రతి పాయింటు పక్కనా ఎర్ర ఇంకుతో 'లేపింది అన్న' అని రాశాను.

అన్న చూసి నవ్వాడు. "ఎందుకు తమ్మీ గీ లొల్లి? బంతి కింద పడకుంటే సాలదా?"

"నీకు సాలుతదే. నాకు సాలదు."

టైమ్‌కీపర్ పేజీలు తిప్పాడు. "ఇంకు ఇంకా ఆరలే మియా. గిట్ల నేను గూడా రాస్త," అని, గోడ మీద ఫోటో ఉన్న నిజామాబాద్ స్మాషర్‌ని పిలిచాడు. అతను ప్లేటు పక్కన పెట్టి, నా ఎర్ర రాతలన్నీ వేలు పెట్టి చదివాడు. ఒకచోట ఆగాడు.

"గిది తప్పు సాబ్."

"దేఖా?" అన్నాడు టైమ్‌కీపర్ నావైపు తిరిగి.

"గీ పాయింటు నేను కొట్టలే. లేపింది నేను, కొట్టింది అన్న. అప్పుడు గూడా ఈయన నాకే రాసిండు. కడమయన్నీ కరెక్టే."

అన్న దగ్గర ఆడుతున్న ఫోటో ఒక్కటీ లేదు. కేన్సిల్ కాగితాల కోసం తీయించిన పాస్‌పోర్టు ఫోటో మిగిలితే, దాన్నే పెద్ద ఫ్రేములో పెట్టారు. అదీ మిగతావాటికి జానెడు కిందగా, నీళ్ల కూలర్ తడి తగిలేచోట. ఆ సంగతి టైమ్‌కీపర్‌కి మూడుసార్లు చెప్పాను.

ఎయిర్‌పోర్టుకి పోయే పొద్దున అన్న ఆ గోడ ముందు నిలబడ్డాడు.

"గింత చిన్నగున్ననా తమ్మీ?"

బయట బస్సు హారన్ కొట్టింది. ఆయన చెయ్యి చాపి, పక్కనే ఒరిగి ఉన్న స్మాషర్ ఫ్రేముని కింది నుంచి రెండు వేళ్లతో మెల్లగా లేపి, సరిచేసి, బ్యాగు తీసుకున్నాడు.